సమాధి పాటల ఫోల్డర్

మా వీధి చివరి ఇంటి టీచరమ్మ పోయిన శుక్రవారం పొద్దున్నే కన్నుమూశారు. బడిలో నాకు పాఠాలు చెప్పిందీ ఆమే, రిటైరయ్యాక తెలుగు టైపింగ్ నేర్పి పక్కన కూర్చోబెట్టుకున్నదీ ఆమే. ఆ ఇంటి ముందుకు రాగానే ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతున్నాయి.

మెదక్‌లో మా చర్చివాళ్లకు పెళ్లయినా, సమాధి కార్యక్రమమైనా పాటల కాగితం ఆమె ముందుగదిలోనే తయారయ్యేది. అక్కడి కంప్యూటర్ మహా ముసలిది. ఏళ్ల తరబడి టైపు చేసిన పాటలన్నీ ఒకే ఫోల్డర్‌లో కుక్కిపెట్టాం. మీలో ఎవరింట్లోనైనా అలాంటిది ఉంటే తెలుస్తుంది, నొక్కగానే డిస్కు గరగరలాడేది, పేర్లు మాత్రం ఎంతకీ కనబడేవి కావు. ఆలోగా ఆమె టీ పెట్టేవారు, నా జడ బాగాలేదని విప్పి మళ్లీ అల్లేవారు. నేను విసుక్కుంటే నవ్వేవారు.

ఒకరోజు హవేలిఘనపూర్ నుంచి ఒకాయన వచ్చాడు. తల్లి చనిపోయింది, మధ్యాహ్నమే సమాధి. ఫోల్డర్ తెరుచుకునేదాకా ఆయన కూర్చోలేదు, మంచినీళ్లు ముట్టలేదు, ఖాళీ తెరను చూస్తూ నిలబడ్డాడు.

"సావైన ఇంటోళ్లను గీ డబ్బా ముంగట నిలబెట్టుడు పాపం, బిడ్డా," అన్నారు టీచరమ్మ, ఆయన వెళ్లాక.

కొత్తది కొందామన్నాను. "కొత్తదాంట్ల గూడ గిట్లనే కుక్కితే ఏం ఫాయిద? ముందుగాల ఉన్నది సర్దుదాం పట్టు."

ఆ వారమంతా అదే పని. పెళ్లి పాటలు ఒక ఫోల్డర్, క్రిస్మస్‌వి ఒకటి, సమాధివి ఒకటి. వాటిలో మళ్లీ పాట మొదటి అక్షరాన్ని బట్టి చిన్నవి. ఒకే పాటకున్న అదనపు కాపీలు తీసేశాం. కంప్యూటర్ ప్రతి పాట పేజీకీ చిన్న బొమ్మ చూపించడం మాన్పించి, ఉత్త పేర్లే కనబడేలా చేశాం. చివరికి డిస్కులో చెల్లాచెదురైన ముక్కలను ఒకచోటికి చేర్చే పని దానికే అప్పజెప్పి భోజనానికి లేచాం. తిరిగొచ్చి నొక్కితే రెప్పపాటులో తెరుచుకుంది. ఆమె చప్పట్లు కొట్టారు. నేనూ సంబరపడ్డాను గానీ, జడ అల్లే తీరిక ఆ తర్వాత మాకు దొరకలేదు.

శుక్రవారం ఆమె తమ్ముడు వచ్చి, అక్కకు ఇష్టమైన పాటతో కాగితం తీయమన్నాడు. ఆమె కుర్చీలో కూర్చోలేక స్టూలు లాక్కున్నాను. ఈ ఒక్కసారి ఆ ఫోల్డర్ పాతరోజుల్లోలా మొరాయిస్తే బాగుండునని, ఆమె పక్కన ఇంకాసేపు ఉన్నట్టుంటుందని ప్రాణం కొట్టుకుంది. అది వెంటనే తెరుచుకుంది.

"దొరికిందా బిడ్డా? అందరు ఎదురు సూస్తుండ్రు."

చెప్పులు విప్పకుండా ఆమె తమ్ముడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆయన్ను ఇంకా నిలబెట్టలేక ప్రింటు నొక్కాను.