ఎడమ పక్క వదులు

మా అక్క దర్జీ. మెడలో టేపు లేకుండా ఆమెని చూసినవాళ్లు లేరు కాబట్టి వీధంతా టేపక్క అని పిలుస్తారు. పక్క మిషన్ మీద నేను కాజాలు తీస్తాను, హుక్కులు కుడతాను. నాకు నోరెక్కువ, ఆమెకి పనెక్కువ. కొట్టు అలా నడిచిపోతోంది.

ఆరేళ్లుగా అక్క నెలకో సంచి నిండా మెత్తలు కుట్టి కేన్సర్ ఆస్పత్రికి పంపుతోంది. ఆపరేషన్లో రొమ్ము తీసేసిన ఆడవాళ్లు బ్లౌజులో పెట్టుకునే మెత్తలవి. పైసా తీసుకోదు. బట్ట కూడా కొనదు. కుట్టగా మిగిలిన ముక్కలు వదిలేసి వెళ్లమని గిరాకీలనే మొహమాటం లేకుండా అడుగుతుంది. రెడీమేడ్ మెత్త సరిపడని వాళ్లు కొట్టుకే వస్తే, తలుపేసి కొలత తీసి, పుస్తకంలో రాసుకుంటుంది.

ఒక రోజు కొట్టులో ఇస్త్రీ చేస్తున్నాను. గిరాకీల బట్టలతో పాటు అక్కవి మూడు బ్లౌజులు ఉన్నాయి. మొదటిదాన్ని తిరగేస్తే ఎడమ పక్క కుట్టు విప్పి, పావంగుళం వదులు చేసి మళ్లీ కుట్టి ఉంది. రెండోది కూడా ఎడమ పక్కే, అరంగుళం. మూడోదాంట్లో లోపల వదిలిన గుడ్డంతా అయిపోయి, అతుకేసింది. కుడి పక్క కుట్లు ఒక్కటీ కదల్లేదు.

"ఏంటే ఇది?" అన్నాను.

"ఒళ్లు చేశానే."

"ఒక్క పక్కే చేస్తుందా ఒళ్లు? సగం అన్నమే తింటున్నావా?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మిషన్ చక్రం మీద చెయ్యేసి ఆపింది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వెళ్లి తలుపేశాను.

"ఎన్నాళ్లయింది?"

"ఐదు నెలలు. గడ్డ గట్టిగా ఉంది, నొప్పి లేదు."

అరిచేశాను. ఏం అరిచానో నాకే గుర్తులేదు. ఊళ్లోవాళ్లందరికీ మెత్తలు కుట్టే మనిషివి, గడ్డొస్తే డాక్టర్ దగ్గరికి వెళ్తారా, కుట్లు విప్పుకుంటారా, నీకసలు బుద్ధుందా అన్నాను. లోకంలో ఏ ఆడదైనా ఇలాంటి తిక్కపని చేస్తుందా? దర్జీ తప్ప!

అక్క పుస్తకం తీసి నా ముందు పెట్టింది. "కుడతాను కాబట్టే భయమే. వీళ్లందరి కొలతలూ నా చేతిమీదుగా పోయాయి. పాతబడిన మెత్త మార్చుకోడానికి మళ్లీ ఎవరొచ్చారో, ఎవరు రాలేదో నాకు తెలియదా?"

చాలామంది వచ్చారే అనాలనిపించింది. ఎంతమందో లెక్క చూసే ధైర్యం నాకూ లేదు.

రెండు నెలలకోసారి గురువారం పూట మార్కెట్ దగ్గరికి కేన్సర్ పరీక్షల వ్యాను వస్తుంది. పూర్తిగా చందాలతో నడిచే బండి. లోపల ప్రతి వస్తువు మీదా ఎవరిచ్చారో చిన్న చీటీ అంటించి ఉంటుంది. అది వచ్చిన గురువారం అక్కని దాదాపు ఈడ్చుకెళ్లాను. ఎక్కాక ముందుకి కదలకుండా ఒక్కో చీటీ చదువుతూ నిలబడింది. మెట్లు రిటైరైన బస్సు డ్రైవర్లవి. కుర్చీ ఒక స్కూలు పిల్లలది. ఎక్స్‌రే మెషీను మీద మార్కెట్‌లో కూరలమ్మేవాళ్లు అని రాసుంది. మెషీను ముందు తెర మీద మాత్రం 'దర్జీ టేపక్క' అని ఉంది. నాలుగేళ్ల క్రితం తనే కుట్టి, తనే తగిలించి వచ్చింది. ఆ తెర వెనక్కి మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు.

"అంచు ఊడింది, కుట్టాలి," అంది.

"అంచు సంగతి నేను చూస్తాలే, నువ్వు నడు," అని లోపలికి తోశాను. తర్వాత బయటికొచ్చి ఆ మెట్ల మీదే కూలబడ్డాను.

కేన్సరే. ఆపరేషన్ ఖర్చు ఆ వ్యాను నడిపే చందాల నిధే పెట్టుకుంది. ఆపరేషన్‌కి ముందురోజు డాక్టరమ్మ ఒక కాయితం ఇచ్చి, "తీసిన గడ్డలో కొంచెం పరిశోధనకి ఇస్తారా? మీకు ఉపయోగపడకపోవచ్చు. మీ తర్వాతవాళ్లకి ఏ మందు పనిచేస్తుందో తెలుసుకోడానికి," అంది.

"మిగిలిన ముక్క పారేసే అలవాటు నాకు లేదమ్మా, ఉంచుకోండి," అని అక్క సంతకం పెట్టింది.

డాక్టరమ్మ కాయితం తీసుకుంటూ, "తోడబుట్టినవాళ్లు ఉన్నారా? వాళ్లూ పరీక్ష చేయించుకోవాలి," అంది.

అక్క నావైపు చూసింది. నేను కిటికీవైపు చూశాను.

అక్కకి మెత్త నేనే కుట్టాను. తిరిగి కొట్టుకొచ్చిన రోజు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏమిటే ఈ వంకర!" అని పెదవి విరిచి, అదే పెట్టుకుంది. ఆపరేషన్ తర్వాత మొదటిసారి వ్యాను వచ్చినప్పుడు నాకు కాజాలు అర్జెంటు. రెండోసారి తలనొప్పి. మూడోసారి అక్క నా మిషన్ వైరు పీకేసింది.

వ్యాను దాకా వచ్చాను. ఎక్కాను కూడా. తెర ముందు కాళ్లు ఆగిపోయాయి. అంచు నిజంగానే ఊడి ఉంది, కుడతానన్న నేను కుట్టనే లేదు. అక్కని అన్ని మాటలన్న నోరు ఎండిపోయింది. ఆమె మెడలో టేపు కొస ఎప్పుడు పట్టుకున్నానో, గట్టిగా పట్టుకున్నాను.

"అక్కా, ఏమైనా ఉంటే?"

"ఉంటే నీ మెత్త నేను కుడతాను. వంకర లేకుండా."

నవ్వబోయి ఏడ్చాను. అక్క నా వేళ్లు ఒక్కొక్కటే టేపు నుంచి విడిపించింది. తర్వాత తెర పక్కకి లాగి పట్టుకుంది. నేను లోపలికి వెళ్లాను.