ముహబూర కింద ఆకుల గుడిసె

ఆఫ్రికాలో ముహబూర అగ్నిపర్వతం కింది అడవిలో బతికే త్వా జాతి మనుషులకు ఒకప్పుడు శ్మశానం లేదు. మనిషి పోతే, పడుకున్న ఆకుల గుడిసెను ఆ మనిషి మీదికే కూల్చేవారు. మిగిలినవాళ్లు నిప్పుకొరివి చేతబట్టుకుని మరోచోటికి కదిలిపోయేవారు. ముకంకుసి తన తల్లి మీద అలాగే గుడిసె కూల్చింది, పెళ్లికి ముందు. ఏడవడానికి వెనక్కి తిరిగితే పెద్దవాళ్లు ఒప్పుకోలేదు.

తర్వాత అడవి పార్కయింది. కోతులకీ ఏనుగులకీ చోటు మిగిలింది, వీళ్లకు మిగల్లేదు. తుపాకులు పట్టుకున్నవాళ్లు కొండ దించేసినచోట, ఒక రైతు ఆలుగడ్డల చేను గట్టున ప్లాస్టిక్ పట్టా కట్టుకుని, ఆ చేలోనే కలుపు తీస్తూ బతికారు.

చాలా ఏళ్లకు అడవిలోకి మళ్లీ పిలుపొచ్చింది. వాళ్లు ఎలా బతికేవారో ఆడి చూపించాలట. కొండెక్కడానికి, బంగారు కోతుల్ని చూడటానికి వచ్చే తెల్లవాళ్లు మిగిలిన పూట వీళ్లనూ చూసిపోతారు. అడవిలో కాస్త చోటు చదును చేసి, చుట్టూ తాడు కట్టి, మధ్యలో ఆకుల గుడిసె వేశారు. ముకంకుసి మేకతోలు చుట్టుకుని అందులోంచి పాక్కుంటూ బయటికొచ్చేది. ఆమె మొగుడు సెబుహోరో పుల్లలు రుద్ది నిప్పు చేసేవాడు, అరటి బోదెను అడవిదున్న అనుకుని బాణం వేసేవాడు. గైడు మునేజేరో ఇంగ్లీషులో చెప్పేవాడు. వీళ్లు తాడు దాటితే మాత్రం నేరం.

సెబుహోరోకు దగ్గు పట్టుకుంది. మందులు ఇంటిదాకా వచ్చే దారే లేదు. "కోతికి దగ్గొస్తే డాక్టరు కొండెక్కి వస్తాడే" అన్నాడు పెళ్లాంతో. "నేనూ ఓ తోక అతికించుకోవాల్సింది."

"నీ మొహానికి తోకొకటే తక్కువ" అందామె. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుకే అతనికి ఊపిరాడలేదు.

అతను తేరుకున్న తర్వాత ఒకటే అడిగాడు. తనను ఆ ఆకుల గుడిసెలో పోనివ్వమని, పోయాక దాన్ని తన మీద కూల్చమని. చేను గట్టున ఎటూ కుదరదు. బతికినన్నాళ్లు ఉండండి గానీ నా నేలలో గొయ్యి తవ్వనివ్వనని రైతు ముందే చెప్పేశాడు.

ముకంకుసి మునేజేరో దగ్గరికి వెళ్లింది. మొగుడి కోరిక చెప్పింది.

"నా ఉద్యోగం పోద్ది అవ్వా. లోపల ఆడటానికే పర్మిషను. చావడానికి లేదు."

అయినా తర్వాతి గుంపు వచ్చినప్పుడు సెబుహోరోను రావద్దనలేదు. భుజం పట్టి తనే కొండ ఎక్కించాడు. ఆ రోజు విల్లు వంగలేదు. సెబుహోరో గుడిసెలోకి పాక్కుంటూ వెళ్లి పడుకున్నాడు. వచ్చినవాళ్లు వంగి వంగి ఫొటోలు తీసుకున్నారు, ముసలాయన నిద్ర నటిస్తున్నాడనుకున్నారు. పొద్దు వాలింది, గేటు మూసే వేళయింది. మొగుణ్ణి బయటికి లాగింది ముకంకుసే.

"కాసేపు పడుకున్నాగా" అన్నాడతను దిగే దారిలో, ఆమెను ఓదారుస్తున్నట్టు. "చాల్లే."

అతను ఆ వారం దాటలేదు. చర్చి వెనక బాటపక్కన ఇంత చోటిచ్చారు. పూడ్చి వచ్చాక, ఏళ్ల తరబడి కాపురమున్న పట్టా కిందికే మళ్లీ దూరింది ముకంకుసి. కూల్చి కదిలిపోదామంటే ఎక్కడికి?

మళ్లీ గుంపు వచ్చింది. మేకతోలు చుట్టుకుని ఎప్పటిలా గుడిసెలోంచి పాక్కుంటూ వచ్చింది. లేచి నిలబడి, వెనక్కి తిరిగి, నడిమి కర్రను రెండు చేతులా పట్టి లాగింది. కప్పు ఒరిగింది. అతను పడుకున్న చోటి మీద ఆకులన్నీ కూలేదాకా లాగింది.

చప్పట్లు మోగాయి. ఏమిటిదని ఒకావిడ మునేజేరోను అడిగింది. వాళ్లు చోటు మారుతున్నారని చెప్పాడు. అది అబద్ధం కాదు.

అందరూ వెళ్లాక దగ్గరికొచ్చి, "ఎల్లుండి మళ్లీ మనుషులొస్తారు అవ్వా. నిలబెట్టాలి" అన్నాడు మెల్లగా.

"నిలబెడతా. అక్కడ కాదు."

పాత కర్రలే ఏరి భుజాన వేసుకుంది. ఆట కోసం రాజేసిన పొయ్యిలోంచి ఒక కొరివి తీసుకుని, వెనక్కి చూడకుండా నడిచింది. నాలుగడుగులకే తాడు పొట్టకు తగిలింది. అవతల అడవంతా ఉంది. ఆమె అక్కడే కొరివి దించి, తాడును ఆనుకుని మొదటి కర్ర పాతింది.