పంటి బిగువు

కుట్టుమిషన్లు బాగుచేసే అతనికి అక్క అంటే సగం తల్లి. ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు కటింగ్ మాస్టరుగా చేసింది. మెట్ల మీద జారిపడి మెడ దగ్గర ఎముక విరిగాక, మెడ కింద ఒంట్లో చలనం పోయింది. తమ్ముడు తన ఇంటికే తెచ్చుకున్నాడు. ఆవిడ దేనికీ వంక పెట్టేది కాదు. ఒక్కసారి మాత్రం అంది.

"ముక్కు దురద పెట్టినా నీ పెళ్లాన్ని కేకెయ్యాల్సొస్తోందిరా. పాపం, అన్నం మధ్యలో లేచొస్తోంది."

ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. తలకు పెట్టుకుంటే మనసుతోనే ఆటలాడొచ్చని వీడియో గేముల దుకాణంలో అమ్మే పట్టీ ఒకటి కొన్నాడు. పాత మిషన్ల మోటార్లతో మరచెయ్యి చేసి, చివర మెత్తటి బ్రష్షు కట్టి, మంచం పక్క బల్లకు బిగించాడు. పట్టీ పంపే సంకేతాలను దానికి కలపడం వీడియోలు చూసి నేర్చుకున్నాడు.

"కుడిచెయ్యి ఎత్తుతున్నట్టు అనుకో అక్కా."

"అనుకుంటూనే ఉన్నానురా, ఏడాదిన్నరగా."

మూడు వారాలు అది ఉలకలేదు, పలకలేదు. నాలుగో వారం ఒక ఉదయం ఠక్కున లేచింది. మనసుకింత శక్తి ఉందా అని ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు. తమ్ముడి కాళ్లు నేల మీద నిలవలేదు.

పది రోజుల తరవాత అతని భార్య వదినగారికి అన్నం తినిపిస్తోంది. పట్టీ తీయడం మరిచారు. ముద్ద నమిలినప్పుడల్లా మరచెయ్యి లేస్తోంది, దిగుతోంది. అతను చూశాడు. భోజనమయ్యాక, నోరు తెరిచి ఉంచి చెయ్యెత్తమన్నాడు. కదల్లేదు. పట్టీకి అందుతున్నది ఆలోచన కాదు, పళ్లు బిగిస్తే కణతల దగ్గర ఉబికే కండరం. స్క్రూడ్రైవరు తుడిచి పక్కన పెట్టాడు.

"అక్కా, ఇది మనసు కాదు. నీ పళ్లు."

"తెలుసు. ఆవేళ ఉక్రోషమొచ్చి పళ్లు బిగించాను, లేచింది. మర్నాడూ అంతే."

"మరి చెప్పలేదేం?"

"నీ మొహం చూశాక నోరు రాలేదు. అయినా పళ్లు మాత్రం నావి కావేంట్రా?"

అతనికి నవ్వు రాలేదు. కొంచెం సిగ్గనిపించింది. ఆ వారమంతా కూర్చుని పద్ధతి మార్చాడు. ఒకసారి బిగిస్తే ఎడమకు, రెండుసార్లయితే కుడికి, బిగించి ఉంచితే కిందికి, వదిలేస్తే పైకి. మునుపు పదిసార్లలో రెండుసార్లు మాట విన్న చెయ్యి ఇప్పుడు తొమ్మిదిసార్లు వింది. మరదలికి అన్నం మధ్యలో లేచే పని తప్పింది.

ఆ సంగతి విని, ఫ్యాక్టరీలో ఆవిడ దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు ఆడవాళ్లు ఇప్పుడు కొత్తవాళ్లను వెంటబెట్టుకుని వారానికి రెండు రోజులు వస్తున్నారు. బల్ల మీద గుడ్డ పరుస్తారు. మరచెయ్యి బ్రష్షు బదులు సుద్దముక్క పట్టుకుని, చంక దగ్గర కత్తెర ఎక్కడ వంపు తిరగాలో చూపిస్తుంది. గీత వంకరగానే వస్తుంది, చోటు మాత్రం తప్పదు. ఎవరైనా తప్పు కోస్తే ఆవిడ తిట్లకు మరచెయ్యి కూడా గాల్లో ఊగుతుంది.

పోయిన నెల దవడపన్ను పీకించుకుని నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఉద్యోగం మానేశాక ఆవిడ పెట్టిన మొదటి సెలవు అదే.