సబ్బు మానేసిన ఇల్లు

మా అత్తగారి మొహం వాచిన రోజు నేను నవ్వుకున్నాను. దాచుకోవడం దేనికి? తలకి రంగు వేసుకున్న మర్నాటికి కళ్ళు పూడుకుపోయి, చెంపలు రెండూ బూరెల్లా పొంగి, గోడ తడుముకుంటూ వంటింట్లోకి వచ్చింది ఆవిడ. "అయ్యో, ఏమైందండీ అత్తయ్యగారూ" అని గాభరాపడ్డట్టు అడిగి, పెరట్లోకి వెళ్ళి నూతి చాటున నిలబడి కడుపుబ్బా నవ్వుకున్నాను. అప్పటికి నా పెళ్ళయి మూడేళ్ళు. తొంభైల మొదట్లో మాట.

రామచంద్రపురంలో డాక్టరు మందులు రాసి, ఆ రంగులూ వాసన సబ్బులూ మీ ఒంటికి పడడం లేదు, మానేయండి అన్నాడట. ఆవిడకి పడకపోతే ఆవిడ మానేయాలి. కానీ మా అత్తగారికి పడనిది ఇంట్లో ఇంకెవరికీ పడకూడదు. వాపు తగ్గిన రోజునే స్నానాల గది మీద పడింది. సబ్బులు, షాంపూ ప్యాకెట్లు, పేస్టు, పౌడరు డబ్బా, నా గోళ్ళ రంగుతో సహా గోనెసంచిలో వేసి పాలేరు చేత బయట పారేయించింది. "ఇవన్నీ విషాలు. ఇవాళ్టి నుంచీ ఈ ఇంట్లో సున్నిపిండీ, కుంకుడుకాయా, వేపపుల్లా. అంతే" అంది. మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పేపరు ఆయనకి చాలాసార్లు అలా పనికొచ్చింది.

సున్నిపిండి మీద నాకు పగేమీ లేదు. చిన్నప్పుడు మా అమ్మ పండగలకి నలుగు పెడితే హాయిగానే ఉండేది. కానీ ఇంటిల్లిపాదికీ ఏడాది పొడుగునా సరిపడా పిండి ఒక్కదాన్నీ తయారుచేయడం హాయి కాదు. పెసలూ సెనగలూ ఎండబెట్టాలి. కస్తూరి పసుపు కొమ్ములూ, వాసన కోసం కచ్చూరాలూ రోట్లో వేసి పలుకులుగా దంచాలి. కుంకుడుకాయలు రాయితో చితక్కొట్టి గింజలు తీయాలి. పళ్ళపొడి కోసం ఊక కాల్చి, ఉప్పూ లవంగాలూ వేసి నూరాలి. ఆరు నెలలు తిరిగేసరికి నా అరచేతులు కాయలు కాశాయి. ఆవిడ మొహం మాత్రం నిజంగానే నున్నగా తేరుకుంది. అది నాకు ఇంకా కడుపు మంటగా ఉండేది.

నేను నల్లగా ఉంటాను. స్నానానికి వెళ్తుంటే ఆవిడ వసారాలోంచి కేకేసేది. "గట్టిగా రుద్దుకోవే. నలుపు ఊడితే నలుపు ఊడుతుంది, లేకపోతే తోలన్నా ఊడుతుంది." పక్కింటివాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, ఏడిస్తే ఇంకో మాట పడుతుందని.

ఆ మరుసటి ఏడాది మా ఆడపడుచు పురిటికొచ్చింది. ఆమె పెట్టెలో మూడు రకాల సబ్బులున్నాయి. కూతురి పెట్టెలో ఉన్నవి మా అత్తగారి కంటికి విషాల్లా కనపడలేదు. ఆడపిల్ల పుట్టింది. "నా మనవరాలి ఒంటికి మాత్రం బజారు సరుకు తగలడానికి వీల్లేదు" అని, పిల్ల కోసం విడిగా పిండి చేయించింది. అదీ నా చేతే.

ఆ ఊళ్ళో పసిపిల్లలకి నీళ్ళు పోయడానికి ఒక ముసలామె వచ్చేది. ఏటిగట్టు కింద చేపలు పట్టుకునే వాళ్ళ ఇళ్ళల్లో ఉండేది. అందరూ నీళ్ళ మామ్మ అనేవారు. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పిల్లని బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, పిండితో నలిచి, వేడినీళ్ళు పోసేది. పోసినన్నాళ్ళూ ఆ ఇంట్లో రోజూ అన్నం పెట్టేవాళ్ళు, మూడో నెల వెళ్ళాక చీర పెట్టేవాళ్ళు. మొగుడు పోయాడు, కొడుకు వలలో పడేది అతని పిల్లలకే చాలేది కాదు. ఎప్పుడూ ఏదో ఒక ఇంట్లో పురుడు ఉండేది కాబట్టి ఆమెకి రోజు గడిచేది. "ఈ ఊళ్ళో మీసాలు మెలేసేటోళ్ళందరూ నా కాళ్ళ మీద గుక్కపెట్టి ఏడ్సినోళ్ళేనండి" అని చేతులు చూపించుకుని నవ్వేది.

పిల్లకి మొదటిసారి నీళ్ళు పోస్తున్నప్పుడు చూద్దామని వెళ్ళాను. మా అత్తగారు నలుగురి ముందూ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు రాకు. నాలుగేళ్ళయినా కడుపు పండనిదాని కళ్ళు పసిపిల్ల మీద పడకూడదు" అంది. వెనక్కి వచ్చి కుంకుడుకాయలు కొట్టాను. ఆ రోజు గింజలు కూడా నలిగిపోయాయి.

మామ్మ అది మర్చిపోలేదు. మూడో వారంలో ఒక పొద్దున మా అత్తగారు పూజలో ఉండగా, తుడిచి ఆరబెట్టిన పిల్లని గుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టింది. "కాసేపట్టుకోండి చిన్నమ్మగారండీ. పసోళ్ళ ఒంటి ఏడి తగిలితే మంచిదండి. మీ బిడ్డకీ నేనే పోత్తానండి నీళ్ళు, సూడండి" అంది. నాలుగేళ్ళలో ఆ ఇంటి గడపలో నాతో మంచిమాట మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. పిల్ల నా వేలు పట్టుకుంది.

అంతలో మా అత్తగారు వచ్చింది. అరవలేదు. పిల్లని నా ఒళ్ళోంచి తీసి మామ్మ చేతికిచ్చి, "మళ్ళీ పొయ్యి" అంది. "దేనికండీ, ఇప్పుడే పోసేను కదండీ" అంది మామ్మ. "ఇది ముట్టుకుంది. మళ్ళీ పొయ్యి." మామ్మ తల దించుకుని పీట మీద కూర్చుంది. నేను తాకినందుకు ఆ పిల్లకి రెండోసారి తలంటారు. మళ్ళీ తడిసి గుక్కపెట్టి ఏడ్చింది పిల్ల. నన్ను అక్కడే నిలబెట్టి చూపించింది మా అత్తగారు.

ఆ వెంటనే, నేను కళ్ళు కూడా తుడుచుకోకముందే, నా చేతికి రెండు సంచులిచ్చింది. ఒకదాంట్లో పిల్ల పిండికి ఎండబెట్టిన పెసలూ సెనగలూ గులాబీ రేకులూ. రెండోదాంట్లో నూకలు. ఆవకాయల కాలం అది. ఊళ్ళో ఉన్నది ఒక్కటే పిండి మర, దాంట్లో పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కారమే ఆడుతూ ఉంటుంది. "ముందు ఈ నూకలు పోయించి మర కడిగించు. కారమంతా వాటితో వచ్చేస్తుంది. ఆ తర్వాతే పిల్ల పిండి" అని రెండుసార్లు చెప్పింది.

మర దగ్గర గాలంతా ఘాటు. నాకు ముందు ఎవరిదో పది కేజీల కారం దిగింది. మర అతను తుమ్మి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నూకలు తెచ్చేరాండీ? లేకపోతే రేపు రండి, పసిపిల్లలకంటన్నారు" అన్నాడు. నూకల సంచీ నా చంకలోనే ఉంది, పైన కొంగు ఉంది.

"తేలేదు. పరవాలేదు, పోసెయ్యండి" అన్నాను.

పసిపిల్ల గుర్తు రాలేదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. గుర్తొచ్చింది. ఆ పిల్ల ఏడుస్తుంటే మా అత్తగారు ఏం చేయాలో తెలీక గిలగిల్లాడడం కూడా కళ్ళకి కట్టింది. అందుకే పోయమన్నాను. వచ్చే దారిలో నూకలు కాలవలో చేపలకి వేశాను.

మర్నాడు పొద్దున మామ్మ ఆ పిండి తడిపి పిల్ల ఒంటికి రాసింది. గులాబీ వాసనకి కారం వాసన తెలియలేదు. కాసేపటికి ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు నేను వంటింట్లో విన్నాను. ఆకలి ఏడుపు కాదు, కోపం ఏడుపు కాదు. ఊపిరి తిరక్కుండా ఏడ్చింది. ఒళ్ళంతా కందిపోయింది, కళ్ళు వాచిపోయాయి. కారు కట్టించుకుని రామచంద్రపురం పరిగెత్తారు. కారం తగిలింది, రెండు రోజుల్లో తగ్గుతుంది అన్నాడు డాక్టరు. నిజంగానే తగ్గింది.

సాయంత్రం ఇంటికి రాగానే పంచాయితీ మొదలైంది. వసారాలో మా అత్తగారు, పిల్లని ఎత్తుకుని మా ఆడపడుచు, మెట్ల కింద మామ్మ. "నూకలు పోయించి మర కడిగించావా?" అని నన్నే అడిగింది అత్తగారు, కళ్ళల్లోకి చూస్తూ.

"కడిగించానండి."

"మరి పిండిలో కారం ఎలా వచ్చింది?"

నేను లోపలికి వెళ్ళి పిండి డబ్బా తెచ్చాను. "పిండిలో కారం ఉంటే నాకూ మండాలి కదండీ" అని, గుప్పెడు తీసి నీళ్ళతో తడిపి, అందరూ చూస్తుండగా రెండు చెంపలకీ రాసుకున్నాను. రాసుకుని నిలబడ్డాను. మండింది. చెవుల దాకా పాకింది మంట. రెప్ప కూడా వెయ్యలేదు. నా నలుపు మీద ఎరుపు కనపడదు. ఆ రంగు నాకు పనికొచ్చింది ఆ ఒక్కరోజే.

అందరూ నా మొహం చూసి, పిండి మంచిదే అనుకున్నారు. ఇంక మిగిలింది మామ్మ. నేను అక్కడితో ఆగి ఉంటే బహుశా తప్పు మర మీదికి పోయేది. ఆగలేదు. "మామ్మ మూడు రోజులుగా మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతోంది కదండీ. పొద్దున చేతులు కడుక్కోకుండానే పిల్లని ఎత్తుకుంది. నేను చూశాను" అన్నాను. ఎందుకన్నానంటే, నా మీదికి రాకుండా. అంతకంటే పెద్ద కారణం లేదు.

మామ్మ నా వంక చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది. వాసన చూసుకుంది. "కడుక్కున్నానండి. బూడిదెట్టి తోముకున్నానండి" అంది గట్టిగా. మళ్ళీ నా మొహం వైపు, ఏమీ కాని నా చెంపల వైపు చూసి, "కడుక్కున్నాననే అనుకుంటన్నానండి" అంది చిన్నగా.

"మా గుమ్మం ఎక్కకు" అంది మా అత్తగారు. చీర లేదు, ఆ పూట అన్నం కూడా లేదు. వారం తిరక్కుండా ప్రతి పురిటింటికీ ఆ కబురు చేరింది. కారం చేతులతో పసిపిల్లని చంపబోయింది అన్నారు. ఆమె కాళ్ళ మీద పెరిగిన మీసాలవాళ్ళ ఇళ్ళల్లోనే అన్నారు. పక్కూరి నుంచి ఇంకో ఆవిడ వచ్చి నీళ్ళు పోయడం మొదలుపెట్టింది.

మామ్మ రొయ్యల షెడ్డులో పనికి కుదిరిందని విన్నాను. అప్పుడు రొయ్యల చెరువులు కొత్తగా తవ్వుతున్న రోజులు. ఐసు నీళ్ళలో, బ్లీచింగు నీళ్ళలో రోజంతా చేతులు ముంచి రొయ్యల తలలు తీయాలి. ఆ వయసులో చేసే పని కాదు. నేను ఇంట్లో మామూలుగా సున్నిపిండి చేస్తూనే ఉన్నాను. మర కడిగించకుండా ఎప్పుడూ ఆడించలేదు.

రెండేళ్ళకి నాకు కూతురు పుట్టింది. మా అత్తగారు నాకు గౌరవం ఇవ్వడం మొదలుపెట్టింది, నేను పుచ్చుకున్నాను. పిల్లకి మూడో నెలలో పుట్టింటికి వెళ్తూ ఏటిగట్టు మీద బస్సు కోసం నిలబడ్డాను. మామ్మ గట్టు ఎక్కి వచ్చింది. నన్ను చూసి మొహం విప్పారింది. "చిన్నమ్మగారండీ, మీ బిడ్డేనాండీ? అబ్బో, బంగారు బొమ్మండి" అంటూ రెండు చేతులూ చాపింది.

చాపి, తనంతట తనే వెనక్కి లాక్కుంది. వీపు వెనక దాచుకుంది. అప్పటికే చూశాను. వేళ్ళు తెల్లగా నాని, చర్మం పొరలు పొరలుగా లేచిపోయి, గోళ్ళు సగం అరిగిపోయి ఉన్నాయి. "ముట్టుకోనులెండి" అంది నవ్వుతూ. "ఆ రోజు మీరు సూసేరు కాబట్టి తెలిసిందండి. లేకపోతే ఇంకెంతమంది పసోళ్ళని ఏడిపిద్దునో." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఎంత వెతికినా లేదు. ఆమె నన్ను నమ్మింది.

చెప్పేయాలని గొంతు దాకా వచ్చింది. గట్టు మీద ఇంకెవరూ లేరు. చెప్తే ఆమె ఊళ్ళో అంటుంది, ఊరు మా అత్తగారితో అంటుంది, నాకు దొరికిన ఆ కాస్త గౌరవం పోతుంది. లెక్కేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు నాకు.

బస్సు మలుపు తిరిగింది. మామ్మ చేతులు ముందుకు తెచ్చి, ఎండలో అటూ ఇటూ తిప్పి నాకు చూపించింది. "రెండేళ్ళ నుంచి రోజూ బ్లీచింగు నీళ్ళలోనే నానుతున్నాయండి. ఈపాటికి పోయుంటదంటారాండీ, ఆ కారం?"

"పోయుంటుందిలే మామ్మా" అన్నాను. పిల్లని మాత్రం ఇవ్వలేదు.