ముప్పై పారలతో వనవిహారం

నేను చేసిన తలతిక్క పనుల్లో దీనికి పోటీ లేదు. నవ్వుకోండి, పర్వాలేదు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు, అందులో బుద్ధి వచ్చిన ఏడాది ఒక్కటీ లేదు.

ఎనభైల మొదట్లో నంద్యాలలో టీచరు ట్రైనింగ్ ముగించి ఆళ్లగడ్డ పక్కన ఉద్యోగంలో చేరినా. కాలువ తవ్వేదానికి పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీలు రోడ్డు పక్కన గుడిసెలు వేసుకుని ఉండిరి. సాయంత్రాలు వాళ్ల పిల్లలకు అక్షరాలు నేర్పేవాణ్ణి. పొద్దస్తమానం మట్టి మోసే వీళ్లకు చెట్టూ పుట్టా, కొండగాలీ ఎవరు చూపిస్తారు? నేనే చూపిస్తా అనుకున్నా. ముందే చెప్తే మజా ఏముంది? ఆదివారం ట్రాక్టర్ పంపిస్తా, అందరూ రాండి అని మాత్రం చెప్పినా.

వచ్చినారు. ముప్పై మంది, చేతుల్లో ముప్పై పారలు. వంటకు పొయ్యి తవ్వేదానికేమో అనుకున్నా. ముప్పై పొయ్యిలా అని అడక్కండి, నా బుర్రకు అది తట్టలేదు.

అహోబిలం దారిలో అడవి అంచున దించి, చెట్టు చెట్టుకూ పేరు చెప్పినా. గాలి ఎట్ల పీల్చాలో కూడా చూపించినా. పాపం, అందరూ వినయంగా పీల్చినారు. కాసేపటికి వాళ్లలో పెద్దామె బాలమ్మ కొంగు నడుముకు దోపుకుని అడిగింది.

"యాడ తవ్వాలె సారూ?"

"తవ్వేదేం లేదమ్మా. ఊరికే చూడండి."

"సూడనీకేమున్నది? కృష్ణ దాటితే మా ఊరు గూడ గీ నల్లమలల్నే. నువ్వు ఇప్ప అన్న చెట్టు ఇప్ప గాదు."

తాతకు దగ్గులు నేర్పినట్టు అంటారే, నేను ముప్పై మంది తాతలకు ట్రాక్టర్ పెట్టి మరీ నేర్పినా.

మరెందుకొచ్చినారమ్మా అంటే మామూలుగా చెప్పింది. "మా పిల్లగాండ్లకు సదువు సెప్తున్నవ్. నీ సేన్ల పనున్నదేమో, సేసిపోదామని వచ్చినం."

వారానికి ఒక్కటే సెలవు వాళ్లకు. దాన్ని నాకిచ్చేదానికి వస్తే నేను గాలికి పోగొట్టినా. సిగ్గుతో చచ్చిపోయినా.

పోనీ, బిరబిరా ఇండ్లకన్నా చేరుద్దామంటే వంక ఇసుకలో ట్రాక్టర్ కూరుకుపోయె. నేను దిక్కులు చూస్తాండా. ముప్పై పారలూ ఒక్కసారి లేచె, అరగంటలో బండి గట్టెక్కె.

గుడిసెల కాడ దించినాక చేతులు కట్టుకుని అడిగినా. "వచ్చే ఆదివారం మీకేం కావాలో చెప్పమ్మా, అదే చేస్తా."

"నువ్వు రాకు సారూ. పండుకుంటం."

నరసింహస్వామి మీద ఒట్టు, ఆ పొద్దు నుంచి అడక్కుండా ఎవరికీ అడవి చూపించలేదు. ఆ స్వామే కొండ దిగి వచ్చి చూపించమన్నా సరే, ముందు "ఆదివారం పండుకుంటావా స్వామీ?" అని అడుగుతా.