పెన్ను క్యాప్‌తో రెండుసార్లు

అబిడ్స్‌లో మాకు టికెట్లు తీసిపెట్టిన పెద్దాయనకు విమానమంటే భయమని అందరూ ఇప్పటికీ నవ్వుతారు. శుద్ధ అబద్ధం. రిటైరయ్యేదాకా విమానాలు రిపేరు చేసిన మనిషాయన. టికెట్ తీసే ముందు కంప్యూటర్‌లో విమానం ఏ రకమో చూసి, ఆ పేరు మీద పెన్ను క్యాప్‌తో రెండుసార్లు తట్టేవాడు. నచ్చకపోతే చెయ్యి అక్కడే ఆగిపోయేది.

ఒకే రకం విమానాల్లో రెండోది కూలిన వారం, మా అమ్మాయి టికెట్ దగ్గర ఆ చెయ్యి ఆగింది.

"ప్రభుత్వమే ఆపని విమానాన్ని ఆపడానికి మీరెవరండీ?" అన్నాను.

"వాళ్లు ఆపుతరమ్మా. ఆపేలోపల ఎక్కేటోళ్లదే నా ఫికర్."

పట్టుబట్టి తీయించాను. మర్నాడు అమ్మాయి గాలిలో ఉండగానే, ఆ రకం విమానాలన్నిటినీ నిలిపేశారని టీవీలో చెప్పారు. దిగానని అది ఫోన్ చేసేదాకా నాంపల్లిలో మా ఇంట్లో ఆ టీవీ ముందు నుంచి నేను లేవలేదు.

రెండేళ్లు దాటాక వాటికి మళ్లీ అనుమతి వచ్చింది. ఇప్పుడేమంటారని నిలదీశాను.

"ఏం మార్చిన్రో తెల్సుకున్నంక చెప్త" అన్నాడు.

చెప్పకుండానే పోయాడు. రేపు అమ్మాయి మళ్లీ ఆ రకం విమానమే ఎక్కుతోంది. ఇంతకీ ఏం మార్చారు?