రుజువత్త ఒప్పుకున్న తప్పు

మా మేనత్త ఎవర్నీ నమ్మదు. అలాగని అనుమానం మనిషి కాదు, రుజువు మనిషి. "నువ్వు నువ్వేనని రుజువేమిటి?" అన్న ప్రశ్న ఆవిడ నోట రోజుకి తక్కువలో తక్కువ నలభైసార్లు వస్తుంది. మాటలు రాని మనవడు ఉయ్యాల్లోంచి చేతులు చాపినా సరే, ఈ ప్రశ్న దాటుకునే చంకెక్కాలి. అందుకే మా కుటుంబంలో పెద్దా చిన్నా అందరూ ఆవిణ్ణి రుజువత్త అంటారు. మొహం మీదే అలా పిలిచే గుండె మాత్రం నా ఒక్కడిదే. అదీ ఫోన్లో.

ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు బ్యాంకులో సంతకాలు పోల్చే బల్ల దగ్గర కూర్చుంది. చెక్కు మీది సంతకాన్నీ, ఖాతా తెరిచిన రోజు పెట్టిన నమూనా సంతకాన్నీ పక్కపక్కన పెట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూసేది. ఒక పెద్దమనిషి కొత్తగా పళ్ళు కట్టించుకున్న మర్నాడు వచ్చి సంతకం చేస్తే, "ఈ సంతకం నవ్వుతోంది, ఇది మీది కాదు" అని తిప్పి పంపేసిందట. ఇందులో నేను కల్పించింది పళ్ళ సంగతి ఒక్కటే.

రిటైరయ్యాక పోల్చడానికి సంతకాలు దొరక్క మనుషుల మీద పడింది. సరిగ్గా అప్పుడే కూతురు ఒక కొత్త ఫోను కొనిచ్చి, అందులో ఫొటోలు పెట్టుకునే చోటూ, ముచ్చట్లు చెప్పుకునే చోటూ తెరిచిపెట్టింది. కోటిమంది మొహాలు, ఒక్కదానికీ నమూనా లేదు! అత్తకి చేతినిండా పని దొరికింది.

మొట్టమొదట బలైనవాడు మామయ్య. పొద్దున్నే నడకకి వెళ్ళొచ్చి తలుపు కొట్టేవాడు.

"ఎవరు?"

"నేనే."

"నేనేనని అందరూ అంటారు. రుజువేమిటి?"

"నీ మొగుణ్ణే!"

"అది మాత్రం ఎవరైనా అనొచ్చుగా?"

"ఆ సాహసం ఇంకెవడూ చెయ్యడే తల్లీ, తలుపు తియ్యి!"

ఈ జవాబుకి ఎప్పుడూ తలుపు తెరుచుకునేది. రుజువు అంత బలంగా ఉంది మరి.

ఇక ఫొటోల దగ్గర ఆవిడ చట్టాలు వేరు. ఎక్కడికైనా వెళ్తే, తిరిగొచ్చి పెట్టె సర్దుకున్నాకే ఫొటో పెట్టాలి. "ఇంట్లో లేమని ఊరంతటికీ చెప్పడమంటే, దొంగకి తాళంచెవి పంపి, దారిలో కుక్క ఉంది జాగ్రత్త అని కూడా చెప్పడమేరా" అనేది. దాంతో కూతురూ అల్లుడూ మంచుకొండలకి వెళ్ళొచ్చిన ఫొటోలు ఆర్నెల్ల తర్వాత, మండుటెండల్లో బయటికొచ్చాయి. స్వెట్టరూ, మంకీ టోపీ చూసి పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి "అమ్మాయికి చలిజ్వరమా?" అని అడిగింది.

మనవడి మొహాన్ని అయితే లోకానికి చూపించనే లేదు. కుటుంబం గ్రూపులో వాడి ప్రతి ఫొటోలోనూ మొహం ఉండాల్సిన చోట ఒక వంకాయ బొమ్మ అతికించేది. "పిల్లాడి మొహం వాడి సొత్తు. వాడికి బుద్ధొచ్చాక వాడే చూపించుకుంటాడు" అనేది. దూరపు బంధువులొకరు "బాబు తల్లి పోలికా, తండ్రి పోలికా?" అని అడిగితే మామయ్య నిట్టూర్చి "ఇప్పటిదాకా వంకాయ పోలికే" అన్నాడు.

ఒకరోజు ఎవడో ఫోన్ చేసి, "అమ్మా, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ ఫోనుకొచ్చిన ఆరంకెలు చెప్పండి" అన్నాడు. వాడి ఖర్మ కాకపోతే ఊళ్ళో అన్ని నంబర్లుండగా ఆ నంబరే నొక్కాలా? అత్త కుర్చీ లాక్కుంది. ఏ శాఖ, ఏ బల్ల, పై అధికారి ఎవరు, ఆయన కళ్ళజోడు రంగేమిటి, తెల్లకాగితం మీద మూడు సంతకాలు పెట్టి ఫొటో తీసి పంపగలవా... ముప్పావుగంట గడిచింది. చివరికి వాడు ఏడుపు గొంతుతో "అమ్మా, నేను మోసగాణ్ణేనమ్మా, ఒప్పుకుంటున్నా, వదిలెయ్యండి" అన్నాడు.

"మోసగాడివేనని రుజువేమిటి?" అంది అత్త.

ఇదంతా చూసి అందరికంటే పెద్దగా నవ్వినవాణ్ణి నేను. ఎందుకు నవ్వనూ? నాది ఫోన్లు బాగుచేసే కొట్టు. చదువు నన్ను రెండో ఏడాదిలోనే వదిలేసినా, నేను స్క్రూడ్రైవరు వదల్లేదు. 'చచ్చిన ఫోనునైనా లేపుతాం' అని బోర్డు. ఆ పేరుతో ఒక పేజీ, దాని వెనకాల రెండువేల మూడొందల మంది. వాళ్ళకి రోజుకొక నీతి బోధించేవాణ్ణి: పాస్‌వర్డు గట్టిగా పెట్టుకోండి, అన్నిటికీ ఒకటే పెట్టకండి. నా పాస్‌వర్డు మాత్రం చిన్నప్పటి కుక్క పేరూ, పుట్టిన సంవత్సరమూ. అన్నిటికీ అదే. వైద్యుడు పథ్యం చెయ్యాలని ఎక్కడ రాసుంది?

"ఒరేయ్, నీ పేజీకి రెండో తాళం వేశావా? పాస్‌వర్డు కొట్టాక ఫోనుకి అంకెలొస్తాయే, అది?" అని అత్త వారానికోసారి అడిగేది.

"తాతకి దగ్గులు నేర్పకత్తా!"

"దగ్గేవాళ్ళంతా తాతలు కాదురా" అనేది.

అలాంటి నాకు ఒక మధ్యాహ్నం, బేరాల్లేని వేళ, పేజీలో ఒక ఆట కనిపించింది. 'గత జన్మలో మీరెవరు? ఐదు ప్రశ్నలు, తక్షణ ఫలితం.' మీ మొదటి బడి? అమ్మ పుట్టిన ఊరు? ఇష్టమైన మాష్టారు? మొదటి పెంపుడు జంతువు? ముద్దుపేరు? అన్నీ నిజాయితీగా రాశాను. పరీక్షల్లో ఎప్పుడూ అన్ని ప్రశ్నలకీ జవాబులు రాసిన పాపాన పోలేదు, ఆ కసి కూడా కలిసింది. ఫలితం వచ్చింది: సేనాధిపతి.

ఒకడి కింద ఉద్యోగమా? నా మొహంలో ఆ కళ ఎక్కడుంది? కింద చిన్న అక్షరాల్లో 'పుట్టిన తేదీ, ఈమెయిలు ఇస్తే మరింత కచ్చితమైన ఫలితం' అని ఉంది. ఇచ్చాను. ఈసారి చక్రవర్తినని తేలింది. కిరీటం పెట్టిన నా బొమ్మతో సహా పేజీలో పెట్టేశాను. రెండొందల మంది జేజేలు కొట్టారు.

నా పరిపాలన సరిగ్గా పద్దెనిమిది గంటలు సాగింది. మర్నాడు పొద్దున కొట్టు తెరిచి పేజీలోకి వెళ్ళబోతే 'పాస్‌వర్డు తప్పు' అంది. చక్రవర్తి కోట బయట నిలబడ్డాడు. లోపల ఇంకెవడో సింహాసనం మీద కాళ్ళు చాపుకున్నాడు. అప్పుడే అత్త ఫోన్.

"ఒరేయ్, ఇక్కడ నీ పేరుతో ఒకడు నాకు రాస్తున్నాడు. ఏదో యాప్ పంపాడు, నొక్కితే ఫోను రెండింతల వేగంతో పరిగెడుతుందట. నీ హామీ అట."

"వాడు నేను కాదత్తా!"

"నువ్వు నువ్వేనని రుజువేమిటి?"

"అత్తా, ఇది సమయమా!"

"ఇదే సమయం. వాణ్ణీ అడిగాను. నీ కుక్క పేరు పులి అని టక్కున చెప్పాడు. నీకంటే మర్యాదగా కూడా మాట్లాడుతున్నాడు. పులి ఇంట్లోంచి ఎందుకు పారిపోయిందో చెప్పు, నమ్ముతాను."

సిగ్గు చంపుకుని చెప్పాను. "నేను పాట ప్రాక్టీసు చేస్తుంటే."

"నువ్వే. వాడు 'పిల్లిని తరుముతూ' అని రాశాడు. అంత గౌరవంగా పారిపోలేదుగా అది. ఇంతకీ వాడికి నీ కుక్క పేరెలా తెలిసిందిరా?"

ఆట సంగతి చెప్పాను. "ఏ జన్మలో ఎవరివని తేలిందిరా?" అని మాత్రం అడిగింది. తిట్టుంటే బాగుండేది.

అప్పటికి నాకు అసలు సంగతి వెలిగింది. వాడు ఆ యాప్ ఒక్క అత్తకే పంపి ఉండడు. నా వెనకున్న రెండువేల మూడొందల మందికీ పంపుంటాడు. ఫోన్ల వాడు పంపింది కదా అని నమ్మి నొక్కేస్తారు. నొక్కితే వాళ్ళ ఫోన్లు వాడి చేతిలో. నొక్కకపోయినా నా పని అయిపోయినట్టే. సొంత తాళం కాపాడుకోలేనివాడికి తమ ఫోను ఎవడిస్తాడు? ఎనిమిదేళ్ళ కొట్టు.

"షట్టరు దించేస్తానత్తా."

"దించితే నీ తల మీదే దించుతాను. ముందు ఈమెయిలు పాస్‌వర్డు మార్చు. తర్వాత మిగతావన్నీ, దేనికదే వేరేది. కుక్కలొద్దు. పేజీ ఎత్తుకుపోయారని ఆ కంపెనీకి రాయి. నీ రసీదు పుస్తకాలన్నీ మామయ్యకిచ్చి పంపు."

ఈమెయిలు ఇంకా నా చేతిలోనే ఉండడం నా అదృష్టం. మార్చాను. పేజీ కంపెనీకి రాశాను. వాళ్ళ దగ్గర్నుంచి జవాబొచ్చింది: 'మీరు మీరేనని రుజువు చూపండి. కెమెరా వైపు చూడండి. తల ఎడమకి తిప్పండి. కుడికి తిప్పండి.' ఏ దేశంలో ఉందో ఏమో ఆ కంపెనీ, అచ్చం మా అత్తే! రెండు రోజులు మెడ పట్టేసేలా తలాడించాను. మూడోనాడు పొద్దున పేజీ చేతికొచ్చింది. వాడు పంపింది నొక్కొద్దని అందరికీ రాసి, వెంటనే రెండో తాళం వేశాను. వేస్తున్నప్పుడు చుట్టూ చూశాను, ఎవరైనా నవ్వుతున్నారేమోనని.

ఆ రెండు రోజులూ అత్త ఏం చేసిందో మామయ్య చెప్పాడు. రసీదుల్లో ఉన్న నంబర్లన్నిటికీ వరసబెట్టి ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోతే వేణ్ణీళ్ళు తాగి మళ్ళీ చేసింది. ఇద్దరు అప్పటికే నొక్కేశారని తెలిసి, ఆటో కట్టించుకుని వాళ్ళిళ్ళకి వెళ్ళి, దగ్గరుండి ఇంటర్నెట్ ఆపించి, ఫోన్లు నా కొట్టుకి పంపించింది. వాటిని శుభ్రం చేశాను. ఫోన్ అందినవాళ్ళలో ఇంకెవరూ నొక్కలేదు.

అంతవరకూ బాగానే ఉంది. కానీ ఇప్పుడు వాళ్ళందరి మొహాలూ చూడాలి కదా. మూడోరోజు కొట్టులో తల వంచుకుని కూర్చున్నాను. మొదటగా బస్సు డ్రైవరు వచ్చాడు. ఆయన నోరు లౌడుస్పీకరు. అయిపోయిందనుకున్నాను.

"పాపం తమ్ముడూ, ఎంత కష్టమొచ్చింది! మీ అత్తగారు చెప్పారులే. నీ పేజీ ఆవిడ ఫోన్లో తెరిచి ఏదో ఆట ఆడారటగా?"

"ఎవరు? అత్తా?"

"'వాడు వద్దని మొత్తుకుంటున్నా నేనే నొక్కానండీ, వాడి తప్పేం లేదు' అన్నారు. పెద్దవయసు, ఏం చేస్తాం. నువ్వేం కోప్పడకు."

తర్వాత వచ్చిన టీచరమ్మా అదే మాట. మందుల షాపాయనా అదే మాట. షట్టరు సగం దించి అత్త ఇంటికి పరుగెత్తాను. తలుపు దగ్గర ఎన్నడూ లేనిది, ఏ ప్రశ్నా అడక్కుండా తీసింది. గొంతు పోయింది, అదీ కారణం.

"ఎందుకత్తా అలా చెప్పావు?"

"నా దగ్గరికి ఫోను బాగుచేయించుకోడానికి ఎవరొస్తారురా?" అంది గుసగుసగా. "నీ దగ్గరికి రావాలి."

"ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క తప్పు లేదని నీకు పేరు. అది పోయిందిగా!"

"ఉంచుకుని ఏం చేస్తాను, లాకర్లో పెడతానా? వెళ్ళు, కొట్టు తెరువు."

నాక్కూడా ఒక పౌరుషం ఉంటుంది కదా. అప్పుడప్పుడూ బయటికొస్తుంది. ఆ సాయంత్రమే పేజీలో ఉన్నదున్నట్టు రాశాను. ఆట ఆడింది నేను, కుక్క పేరు పెట్టుకుంది నేను, అత్తకి ఏ పాపం తెలియదు, మీరెవరూ నాలా చెయ్యకండి అని. వందలకొద్దీ జవాబులు వచ్చాయి. 'ఎంత పెద్ద మనసు!' 'అత్త తప్పు నెత్తిన వేసుకున్నావు, మేనల్లుడంటే నువ్వయ్యా!' 'మాకూ ఉన్నారు, దేనికీ పనికిరాని మేనల్లుళ్ళు.' ఆ పేజీలో నేను ఎన్ని కోతలు కోశానో లెక్కలేదు. అన్నీ నమ్మారు. ఒకే ఒక్క నిజం రాస్తే ఒక్క మనిషి నమ్మలేదు.

పైగా బేరం పెరిగింది. "బాబూ, నా ఫోనుకీ రెండో తాళం వెయ్యి, మీ అత్తగారిలా నేనూ ఏదైనా నొక్కేస్తానేమో" అంటూ వరస కట్టారు. అది మాత్రం ఊరికే వేసి పంపుతున్నాను.

నిన్న సాయంత్రం అత్త కొట్టుకొచ్చింది. బల్ల మీద కూర్చుని ఉండగా డ్రైవరు ఆవిణ్ణి చూసి ఎదురుగా స్టూలు లాక్కున్నాడు. వేలు ఊపుతూ, చిన్నపిల్లకి చెప్పినట్టు పాఠం మొదలుపెట్టాడు. "చూడమ్మా, తెలియనివాళ్ళు పంపింది నొక్కకూడదు. తెలిసినవాళ్ళు పంపినా ఒకసారి ఫోన్ చేసి కనుక్కోవాలి. పుట్టిన తేదీ ఎవరికీ ఇవ్వకూడదు. అర్థమైందా?" పావుగంట సాగింది. సగం తప్పులే. స్క్రూడ్రైవరుతో నేను ఒకే మరని బిగిస్తూ విప్పుతూ కూర్చున్నాను. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు దులిపేస్తుంది అనుకుంటూ.

అత్త కళ్ళజోడు సర్దుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా తలూపింది.

"మంచిమాట చెప్పారు. ఇంకెప్పుడూ నొక్కనండీ."